మంచము మీదనుండి లేపిన చేతులు

మన అధ్యక్ష మండలపు శతవార్షికోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయుమని సంపాదక వర్గమువారు మమ్మును కోరినప్పుడు, వారు ఆశించినది బహుశః దేవాలయముల చరిత్రయో, మిషనెరీల జీవితములో అయియుండును. అవి మాకంటె బాగుగా వ్రాయగల పెద్దలు మనలో ఉన్నారు. మేము ఒక చిన్న పనియొక్క చరిత్ర వ్రాయదలచినాము. మంచము పట్టిన మనిషి కీళ్లు బిగిసిపోకుండ దినదినము ఆడించుట, ఆ మనిషిని మంచము మీదనుండి కుర్చీలోనికి, కుర్చీలోనుండి మంచము మీదికి క్షేమముగా మార్చుట. ఇంతే ఆ పని. ఆక్యుపేషనల్ థెరపీ అను వైద్యశాఖలోను, దాని తోబుట్టువైన ఫిజియోథెరపీలోను ఇవి మొదటి పాఠములు. మొదటిదానిని రేంజ్ ఆఫ్ మోషన్ వ్యాయామములనియు, రెండవదానిని ట్రాన్స్‌ఫర్ అనియు అందురు. ట్రాన్స్‌ఫర్ అను మాట వినగానే మావంటి గురువులకు గుండె దడ పుట్టును. ఇది ఆ ట్రాన్స్‌ఫర్ కాదని ముందుగానే మనవి చేయుచున్నాము.

ఈ విషయమును ఎన్నుకొనుటకు కారణము చెప్పి తీరవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక పాస్టరేటులో పక్షవాతముతో పడియున్న సంఘపెద్ద ఒకరికి సంస్కారమిచ్చుటకు వారి యింటికి వెళ్లినాము. పడుకొని పుచ్చుకొనుట ఆయనకు ఇష్టము లేదు. కూర్చుండబెట్టుమన్నారు. మేము మంచి మనస్సుతోనే ఆయన ఎడమచెయ్యి పట్టుకొని, చంక క్రింద చెయ్యివేసి పైకి లాగినాము. ఆయన కేక వేసినారు. వ్యాధివలన కలిగిన నొప్పి అనుకొన్నాము. తరువాతి నెలలలో వెళ్లినప్పుడెల్ల అట్లే లేపుచు వచ్చినాము. చివరకు వారి కుమారుడు ఆయనను పట్టణములో థెరపిస్టు దగ్గరకు తీసికొనిపోగా, ఆ అమ్మాయి భుజము తడిమి చూచి, "ఈ చెయ్యి పట్టుకొని లాగుతున్నదెవరండీ?" అని అడిగినది. మేము అక్కడే నిలువబడియున్నాము. నోరు పెగలలేదు.

ఆమె చెప్పినది ఇది. పక్షవాతము వచ్చిన ప్రక్కన భుజపు గుంటలో చేతియెముకను పట్టి ఉంచు కండరములు సడలిపోవును. చెయ్యి బరువుకే ఎముక గుంటనుండి కొంచెము క్రిందికి జారును. అట్టి చేతిని పట్టి లాగినయెడల కీలు చుట్టునున్న నరములు, పొరలు చిరిగి, తీరని నొప్పి పట్టుకొనును. ఆ పెద్ద ఇప్పుడు ప్రభువు సన్నిధిలో ఉన్నారు. ఆ భుజము నొప్పి ఆయనను చివరివరకు విడువలేదు. వేదాంత కళాశాలలో పక్షవాయువుగల వానికి గ్రీకుభాషలో ఏ మాట వాడినారో మాకు నేర్పినారు. వానిని ఎట్లు లేపవలెనో ఎవరును నేర్పలేదు, మేమును అడుగలేదు.

సువార్తలలో ఇట్టివారు ఇద్దరు మనకు బాగుగా తెలిసినవారు. ఒకనిని కపెర్నహూములో నలుగురు మోసికొని వచ్చి ఇంటికప్పు విప్పి క్రిందికి దించినారు. ఎందరో ప్రసంగీకులు ఆ నలుగురి విశ్వాసమును గూర్చి చెప్పియున్నారు. నాలుగు మూలలు సమముగా పట్టుకొని, మనిషి జారిపోకుండ, పరుపు ఒరిగిపోకుండ దించిన వారి చేతి పనితనమును గూర్చి చెప్పినవారు అరుదు. రెండవవాడు బేతెస్ద కోనేటి దగ్గర 38 సంవత్సరములు వ్యాధితో పడియున్నవాడు. తనను నీళ్లలోనికి దించుటకు మనిషి లేడన్నదే వాని మొర. ఆలోచించినయెడల, వాడు అడిగినది ట్రాన్స్‌ఫరే. మన గోదావరి తీరమున నరసాపురములో కుష్ఠువ్యాధి బాధితుల ఆసుపత్రికి బేతెస్ద అను పేరే పెట్టినారు.

అయితే ఈ పని ఒక శాస్త్రముగా, చదువుగా ఏర్పడినది మొన్నమొన్ననే. ఇరువదవ శతాబ్దపు ఆరంభములో రోగికి పరమౌషధము విశ్రాంతి అని వైద్యులు నమ్మెడివారు. ఆ నమ్మకమును కదిలించినవారిలో జార్జి బార్టన్ అను అమెరికా దేశపు గృహనిర్మాణ శిల్పి ఒకరు. ఆయనకు క్షయ వచ్చినది. తరువాత కాలికి శస్త్రచికిత్స జరిగి, ఎడమప్రక్క చచ్చుబడినది. న్యూయార్కు రాష్ట్రములోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అను ఊరిలో చికిత్స పొందుచు నిరాశతో ఉన్న దినములలో ఆయనకు ధైర్యము చెప్పి మరల పనివైపు త్రిప్పినది వైద్యుడు కాదు, బోస్టను పట్టణపు ఇమ్మానుయేలు దేవాలయపు గురువైన ఎల్వుడ్ వూస్టరు. బార్టన్ తోటపని, వడ్రంగిపని చేయుచు తన చచ్చుబడిన ప్రక్కకు తానే కదలిక తెచ్చుకొన్నారు. 1917 మార్చి నెలలో ఆయన ఇంట కొద్దిమంది కూడి స్థాపించిన సంఘమే ఆక్యుపేషనల్ థెరపీకి పుట్టినిల్లు. ఒక గురువు సలహా ఈ కథకు మొదటిలోనే ఉన్నదని చదివినప్పుడు మాకు కొంత ఊరట కలిగినది. మన వృత్తివారందరు భుజములు లాగినవారే కాదు!

ఆక్యుపేషన్ అనగా ఉద్యోగమని మనవారు అపార్థము చేసికొందురు. ఇచ్చట ఆ మాటకు అర్థము దినచర్య. లేచుట, పళ్లు తోముకొనుట, స్నానము, చొక్కా తొడుగుకొనుట, అన్నము తినుట, దొడ్డికి పోవుట, పూజకు వచ్చుట. వీటిని మనిషి తనంతట తాను చేసికొనునట్లు చేయుటే ఆ వైద్యము.

రెండవ ప్రపంచ యుద్ధము ఈ శాఖను ముందుకు నెట్టినది. అంతవరకు వెన్నెముక విరిగి నడుము క్రింద చచ్చుబడిన సైనికులలో అనేకులు కొద్ది నెలలలోనే మరణించెడివారు. వారిని చంపినది వెన్నెముక గాయము కాదు. ఒకేప్రక్క పడియుండుటవలన కలిగిన పడకపుండ్లు, మూత్రమార్గమున చేరిన విషము. 1939లో హిట్లరు బాధనుండి తప్పించుకొని ఇంగ్లాండు చేరిన యూదా వైద్యుడు లుడ్విగ్ గుట్మన్ 1944లో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో ఇట్టివారి కొరకు ఒక విభాగము ప్రారంభించినారు. ఆయన విధించిన నియమము ఎంతో సామాన్యమైనది. పగలు రాత్రి అనక ప్రతి రెండు గంటలకు రోగిని ప్రక్కకు త్రిప్పవలెను. క్రొత్త మందు ఏదియు లేదు, త్రిప్పు చేతులు మాత్రమే. మంచముమీద చావవలసినవారు చక్రాల కుర్చీలలో కూర్చున్నారు. 1948 జూలై 29న, లండనులో ఒలింపిక్ క్రీడలు ఆరంభమైన దినముననే, ఆయన రోగులు కుర్చీలలో కూర్చుండి విలువిద్య పోటీ జరిపినారు. నేటి పారాలింపిక్ క్రీడలకు అదే మొదలు.

మన దేశములో ఈ విద్యకు మొదటి పాఠశాలను 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో కమలా నింబ్కర్ గారు స్థాపించినారు. ఆమె అమెరికాలో పుట్టి, భారతీయుని వివాహమాడి, ఈ దేశమును తన దేశము చేసికొనిన స్త్రీ. 1952లో ప్రపంచ సమాఖ్య ఏర్పడినప్పుడు స్థాపక దేశములు పదింటిలో మన దేశము ఒకటి. అయినను మన తెలుగు క్రైస్తవులకు ఈ విద్య పరిచయమైనది బొంబాయినుండి కాదు, రాయవేలూరునుండి.

రాయవేలూరు అనగా మనవారికి వేరే చెప్పనక్కరలేదు. కాట్పాడి స్టేషనులో దిగి, చేతిలో రిపోర్టుల సంచితో ఆ ఆసుపత్రికి వెళ్లని కుటుంబము మన సంఘములలో తక్కువ. చిత్తూరు జిల్లావారికైతే అది పొరుగూరు. 1946లో అచ్చటికి పాల్ బ్రాండ్ అను యువవైద్యుడు వచ్చినారు. 1914లో మిషనెరీ దంపతులకు పుట్టి కొల్లిమలై కొండలలో పెరిగినవాడు, వైద్యము చదువుకముందు ఇండ్లు కట్టుపని నేర్చినవాడు. 1947లో ఆయన చెంగల్పట్టులోని కుష్ఠువ్యాధి ఆసుపత్రిని చూడబోయినారు. అచ్చట ఒక రోగి వంకరపోయిన చేతితో ఆయన చెయ్యి పట్టుకొనగా, ఆ పట్టు గోళ్లు గ్రుచ్చుకొనునంత బలముగా ఉన్నది. చచ్చిన చెయ్యి అని లోకము విడిచిపెట్టిన దానిలో అంత బలమెక్కడిది? వ్యాధి అరచేతిలోని చిన్న కండరములకు పోవు నరమును చంపినది గాని, ముంజేతిలోని పెద్ద కండరములు బాగుగానే ఉన్నవని ఆయన గ్రహించినారు. ఆ బలమైన కండరముల తీగ ఒకదానిని మార్చి వ్రేళ్లకు అతికించినయెడల చెయ్యి తెరుచుకొనును. 1948నుండి ఆయన ఈ శస్త్రచికిత్సలు చేసినారు.

ఇంతవరకు చాలమందికి తెలిసినదే. కాని బిగిసిపోయిన వ్రేళ్లకు ఆ శస్త్రచికిత్స పనికిరాదు. కొక్కెమువలె ముడుచుకొని కొన్నేండ్లుండిన వ్రేలి కీలు గట్టిపడిపోవును. దానికి ఎంత మంచి తీగ అతికించినను అది తెరుచుకొనదు. కాబట్టి ముందుగా నూనెతో మర్దన చేసి, వెచ్చని మైనములో ముంచి, ఒక్కొక్క వ్రేలిని దినదినము కొంచెము కొంచెముగా చాచి, కీలును మెత్తపరచవలెను. కోత తరువాత మరల అదే పని. వ్రేలిని వంచుటకు పుట్టిన కండరము ఇప్పుడు మరియొక పని నేర్చుకొనవలెను. ఆ పాఠము చెప్పువారు ఓపికతో ప్రక్కన కూర్చుండవలెను. ఊచచెయ్యిగల మనిషిని చెయ్యి చాపుమని ప్రభువు ఒక్కమాటతో బాగుచేసినారు. ఆయన సేవకులకు అదే పనికి నెలలు పట్టినది, అయినను చేసినారు. నవ జీవ నిలయములో ఆ బాగుపడిన చేతులు వడ్రంగిపని, బొమ్మలు చేయుట నేర్చినవి. స్పర్శ లేని చేతికి గాయము కాకుండ పనిముట్ల పిడులను మార్చినారు. వ్రేళ్లు పోవుటకు కారణము వ్యాధి తినివేయుట కాదు, నొప్పి తెలియక తగులు గాయములేనని బ్రాండ్ గారు చూపిన సత్యము అచ్చటనే స్థిరపడినది.

ఆయన దగ్గర పనిచేసిన వైద్యురాండ్రలో మేరీ వర్గీస్ ఒకరు. 1925లో కేరళలో పుట్టినవారు. 1954 జనవరి నెలలో స్నేహితులతో ప్రయాణము చేయుచుండగా వాహనము బోల్తాపడి ఆమె వెన్నెముక దెబ్బతిన్నది, ముఖము చీలినది, నడుము క్రింద చచ్చుబడినది. గుట్మన్ గారి రెండుగంటల నియమము ఇప్పుడు ఆమె మంచము ప్రక్కకే వచ్చినది. నడువలేని వైద్యురాలు ఏమి చేయునని అందరు అనుకొనుచుండగా, కుష్ఠువ్యాధి బాధితుల చేతులకు కూర్చుండియే శస్త్రచికిత్స చేయవచ్చునని బ్రాండ్ గారు ఆమెను పిలిచినారు. ఆమె చక్రాల కుర్చీలో కూర్చుండి, తనవలెనే చచ్చుబడిన అవయవములుగలవారి చేతులను బాగుచేసినారు.

మమ్మును ఎక్కువగా కదిలించినది ఆ తరువాతి సంగతి. చేతులు బాగుచేయు వైద్యురాలిని ప్రతి ఉదయము ఎవరో ఎత్తి కుర్చీలో పెట్టవలసియుండెను. ఆమె ఆస్ట్రేలియా దేశములోని పెర్తు పట్టణమునకు వెళ్లి, చేతుల బలముతో శరీరమును ఎత్తుకొని మంచమునుండి కుర్చీలోనికి తానే మారుట వంటి పనులు నేర్చుకొన్నారు. తరువాత న్యూయార్కులో హోవర్డ్ రస్క్ గారి సంస్థలో పునరావాస వైద్యము చదివి, తిరిగి వచ్చి వేలూరులో ఆ శాఖకు అధిపతి అయినారు. 1966లో అచ్చట పునరావాస కేంద్రము ప్రారంభమైనది. 1972లో ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ ఇచ్చినది. 1986లో ఆమె మరణించినారు. ఆ కేంద్రము నేడు ఆమె పేరుతోనే ఉన్నది. చికిత్స ముగిసి ఇంటికి వెళ్లిన తరువాత ఎత్తువారు, త్రిప్పువారు ఇంటివారే గదా. అందుచేత రోగితోబాటు ఇంటివారును ఆ పని నేర్చుకొనుట అచ్చటి పద్ధతి.

ఇంటివారి మాట వచ్చినది గనుక, చరిత్రను కొంచెము ప్రక్కకు పెట్టి వారు నేర్చుకొనవలసినది చెప్పుదుము. ఇవి థెరపిస్టులు మాకు నేర్పినవి.

కీళ్లు ఆడించుట మూడు విధములు. మనిషి ఏమియు చేయలేనప్పుడు మనమే ఆడించుట ఒకటి. అతడు కొంత చేయగా మనము తోడ్పడుట రెండవది. అతడే చేయుచుండ మనము చూచుట మూడవది. మొదటినుండి మూడవదానికి పోవుటే బాగుపడుట. కీలుకు పైన ఒక చెయ్యి, క్రింద ఒక చెయ్యి ఆనించి, నెమ్మదిగా, నొప్పి మొదలగు చోట ఆగవలెను. ఒక్కొక్క కీలును అయిదునుండి పది సారులు, దినమునకు రెండుమార్లు ఆడించిన చాలును. ఆరోగ్యవంతుని చెయ్యి 180 డిగ్రీలు పైకి లేచును. పక్షవాతపు చేతిని మాత్రము థెరపిస్టు చెప్పువరకు భుజము ఎత్తు దాటించరాదు. మడమను మరువరాదు. పాదము క్రిందికి వ్రేలాడి పిక్కనరము కురచ అయినయెడల, తరువాత కాలిలో బలము వచ్చినను పాదము నేలకు ఆనదు. మనవారు బలముగా లాగి, విరిచి, కీళ్లు పటపటమనిపించుటే వైద్యమనుకొందురు. పావురపు నెత్తురు పూయుటకు పోయి నెలలు గడిపినవారిని మా కండ్లతో చూచినాము. మొదటి వారములలో కీళ్లు మెత్తగా ఉండును. పోయిన ఆ వారములు తిరిగి రావు.

ఇక ట్రాన్స్‌ఫర్. మన నులక మంచము ఇందుకు శత్రువు. నడుమ గుంటపడి, మనిషి అంచునకు రాలేడు. పైన బల్ల వేయవలెను, లేక నవారు బిగించవలెను. కుర్చీని రోగికి బాగున్న ప్రక్క, మంచమునకు ఆనించి, కొంచెము ఏటవాలుగా వేయవలెను. చక్రములకు బ్రేకు వేసి, పాదముల పలకలు మడిచిపెట్టవలెను. మనిషిని మంచపు అంచునకు తెచ్చి, పాదములు రెండును నేలకు ఆన్చి, మోకాళ్ల క్రిందికి కొంచెము వెనుకకు జరుపవలెను. తల ముందుకు వంచుమని చెప్పవలెను. ముక్కు కాలివ్రేళ్ల మీదికి వచ్చునంత వంగినప్పుడు పిరుదులు తమంతట తామే తేలిపోవును. ఇది ఎవరికి వారు కుర్చీలో కూర్చుండి పరీక్షించి చూడవచ్చును. నిటారుగా కూర్చుండి లేవజూడుడి, లేవలేరు. ఎత్తువాడు ఎదురుగా నిలిచి, తన మోకాలితో రోగి బలహీనమైన మోకాలిని అడ్డగించి, నడుమునకు గట్టిగా కట్టిన పంచెనో బెల్టునో పట్టుకొనవలెను. చెయ్యి గాని చంక గాని పట్టుకొనరాదు. రోగి మన మెడ పట్టుకొనరాదు. మన నడుము వంచక మోకాళ్లు వంచవలెను. "ఒకటి, రెండు, మూడు" అని పైకి చెప్పి, లేచి, కొంచెము కొంచెముగా తిరిగి, కుర్చీ అంచు మోకాళ్ల వెనుక తగిలిన తరువాత మెల్లగా దించవలెను. ఎత్తు స్త్రీలు చీరకుచ్చెళ్లు ముందుగా పైకి దోపుకొనవలెను. కాలు కుచ్చెళ్లలో పడి ఇద్దరును పడిన సంగతి మాకు తెలుసు. ఎముకలు విరిగినవారిని, పక్షవాతము వచ్చి మొదటి దినములలో ఉన్నవారిని వైద్యుని అడుగకుండ కదిలింపరాదు.

మన దేశములో ఈ వైద్యమునకు ఇతర దేశములవారికి లేని చిక్కు ఒకటున్నది. కుడిప్రక్క చచ్చుబడిన మనిషి ఏ చేతితో అన్నము తినవలెను? ఎడమచేతితో తినుటకు మన పెద్దలు ఒప్పుకొనరు. మా సంఘములోని ఒక తల్లి ఎడమచేతితో తిననని, కోడలు పెట్టిన తింటానని, కోడలు పనికి పోయిన దినములలో పస్తుండెడిది. చక్కెరవ్యాధివలె దీనికి మాత్ర లేదు. థెరపిస్టు ఆమెకు ఎడమచేతికి లావు పిడిగల చెంచా ఇచ్చి, ముద్దను చేతితో కాదు గదా అని ఒప్పించినది. కుడిచేతిని మాత్రము పళ్లెము ప్రక్కన బల్లమీద ఆనించి ఉంచుమన్నది, ఆ చెయ్యి తనదే అని మరువకుండునట్లు. చొక్కా గాని రవిక గాని తొడుగునప్పుడు చచ్చుబడిన చెయ్యి ముందు, విప్పునప్పుడు అది చివర అను చిన్న సూత్రము కూడ ఆమెయే నేర్పినది.

ఈ వ్యాసము కొరకు మేము పాత మిషను ఆసుపత్రుల వార్షిక నివేదికలు కొన్ని తిరుగవేసినాము. ఎన్ని కాన్పులు, ఎన్ని శస్త్రచికిత్సలు, ఎన్ని సువార్త పత్రములు పంచినారు, అన్నియు లెక్కలతో ఉన్నవి. ఎన్నిమార్లు రోగులను త్రిప్పినారో ఎవరును వ్రాయలేదు. ఆయాల పేర్లును, వార్డు బాయిల పేర్లును లేవు.

ఇటీవల మా దేవాలయపు వరండాలో స్త్రీల మైత్రివారు థెరపిస్టును పిలిపించి ఈ పని నేర్చుకొన్నారు. రోగి వేషము మేమే వేసినాము. మా నాలుగు వంతుల బరువు చూచి ఎవరును ముందుకు రాలేదు. వెనుక చాపమీద కూర్చున్న ఒక వృద్ధురాలు, చిన్నతనమున మిషను ఆసుపత్రిలో ఆయాగా పనిచేసిన ఆమె, లేచి వచ్చి కుచ్చెళ్లు దోపుకొని మా ఎదుట నిలువబడినది. మోకాలు మోకాలికి ఆన్చినది. నడుమునకు కట్టిన తుండుగుడ్డ పట్టుకొని, ఏమి జరుగుచున్నదో మాకు తెలియకముందే మమ్మును లేపినది. ఎక్కడ నేర్చుకొన్నావమ్మా అని థెరపిస్టు ఆశ్చర్యపోయి అడిగినది. "నర్సు దొరసానమ్మ మాలో మాకే చేయించేదమ్మా. ఒకళ్లు పడుకునేవాళ్లం, ఒకళ్లు లేపేవాళ్లం. తప్పు పట్టుకుంటే చేతిమీద కొట్టేది" అన్నది. తరువాత మా వెనుకకు తొంగిచూచి, ఇంకను మమ్మును విడువకయే, స్త్రీల మైత్రి కార్యదర్శిని కసిరినది.

"ఆ కుర్చీ ఇంకా దగ్గరకు వెయ్యవే. అయ్యగారు ఎంతసేపు నిలబడతారు?"